మూగజీవి గాయం – యజమాని బాధ్యత

 

ఏలూరు నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. ఆమె తమ్ముడు తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌లో పనిచేస్తారు. కొల్లేరు పక్కన ఒక చేపల చెరువు పట్టుబడి రోజున, నీళ్ళు తోడేసిన బురదలో దొరికిన తాబేలును మేనకోడలికి ముచ్చటగా తెచ్చి ఇచ్చారట. ఏడాదిగా అది మేడ మీద ప్లాస్టిక్ తొట్టెలో ఉంది. మొన్న అంచు ఎక్కి బయటపడి, పిట్టగోడ తూములోంచి కింద సిమెంటు నేల మీద పడింది. చిప్ప పగిలి నెత్తురు వచ్చింది. పదకొండేళ్ళ అమ్మాయి సరిగ్గా అన్నం తినడం లేదు. నానీ తమ్మిలేరులో వదిలేయమంటున్నారు. అమ్మాయి అబ్బా, తాబేలుకు ఆసుపత్రేమిటి, నలుగురూ నవ్వుతారంటున్నారు. ఆసుపత్రికి తీసుకెళితే అటవీ శాఖ వాళ్ళు కేసు పెడతారని పక్కింటివారు భయపెట్టారు. ఒక బంధువైతే ఇది ఇంటికి అరిష్టమనేశారు.

ఆ తల్లి అడుగుతున్నది ఇది: ఒక తాబేలు కోసం ఇంత బాధపడటం ధర్మసమ్మతమేనా? దాని విషయంలో మా బాధ్యత ఎంతవరకు?

అరిష్టం మాట ముందు తీసేద్దాం. శకునాలు లేవని దైవప్రవక్త (స) స్పష్టం చేశారు. శుభం కోసం లోహపు తాబేలును షోకేసులో పెట్టుకోవడం, తాబేలు ఉంగరం తొడుక్కోవడం ఈమధ్య మన ఇళ్ళల్లోకి కూడా వచ్చాయి. లాభనష్టాలు అల్లాహ్ చేతిలో ఉన్నాయని నమ్మేవారికి ఇవి తగవు. ఆ తాబేలు పడింది తూముకు జాలీ లేకపోవడం వల్ల. అంతకు మించి అందులో ఏ రహస్యమూ లేదు.

ఇక అసలు విషయం. భూమిపై సంచరించే ప్రతి జీవికీ ఉపాధి సమకూర్చే బాధ్యత అల్లాహ్‌దేనని హూద్ సూరా తెలియజేస్తోంది. తమ ఆహారాన్ని మోసుకుని తిరగని జీవులు ఎన్నో ఉన్నాయని, వాటికీ మనకూ అన్నం పెట్టేవాడు ఆయనేనని అన్‌కబూత్ సూరా గుర్తుచేస్తోంది. కొల్లేటి కాలువలో ఉన్నంతకాలం ఆ తాబేలుకు నత్తలు, చిన్న చేపలు, నాచు దొరికేవి. ఎండలు ముదిరితే దాగడానికి బురద ఉండేది. దానికి మనతో పనే లేదు. దాన్ని తొట్టెలో పెట్టిన రోజున ఏం జరిగింది? దానికీ, అల్లాహ్ దాని కోసం పరచిన నేలకూ మధ్య మనం అడ్డుగా నిలబడ్డాం. ఆ క్షణం నుంచి దాని తిండి, నీరు, నీడ, వైద్యం మన లెక్కలోకి వచ్చాయి.

పిల్లిని కట్టేసి చంపిన స్త్రీ ఉదంతాన్ని మనం చిన్నప్పటి నుంచీ వింటున్నాం. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న హదీసు అది. అందులో ఒక మాటను చాలామంది దాటిపోతారు. ఆమె దానికి తిండి పెట్టలేదు సరే, నేల మీది పురుగూ పుట్రా ఏరుకుని తినడానికైనా దాన్ని వదిలిపెట్టలేదు. వీధి పిల్లి ఆకలితో చనిపోతే ఆ నేరం ఫలానా మనిషి మీద పడదు. బంధించిన పిల్లి చనిపోతే బంధించిన మనిషి మీద పడింది. ఇక్కడ బాధ్యతకు మూలం ప్రేమ కాదు, బంధనం. ముచ్చటపడి తెచ్చామనో, పాప అడిగిందనో చెప్పినంత మాత్రాన ఆ లెక్క తేలిక కాదు.

మన ధర్మవేత్తలు దీన్ని చాలా వివరంగా చర్చించారు. పశువును పోషించని యజమానిని న్యాయమూర్తి బలవంతపెట్టవచ్చని ఇమామ్ షాఫయీ, ఇమామ్ మాలిక్, ఇమామ్ అహ్మద్ (రహ్మ)ల అభిప్రాయం. హనఫీ గ్రంథమైన హిదాయాలో, న్యాయస్థానం బలవంతపెట్టదు గానీ అల్లాహ్ ముందు అతను జవాబుదారీయేనని ఉంది. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) మాత్రం బలవంతపెట్టాలన్నారు. ఈ భేదం న్యాయమూర్తి అధికారం గురించే. బాధ్యత ఉందా లేదా అన్న విషయంలో భేదం లేదు. హిజ్రీ 660లో పరమపదించిన ఇమామ్ ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ (రహ్మ) మరో అడుగు ముందుకు వేశారు. మనిషిపై జంతువుల హక్కులను వివరిస్తూ, జంతువు ముసలిదై లేక జబ్బుపడి ఎందుకూ పనికిరాకుండా పోయినా దాని పోషణ యజమానిపైనే ఉంటుందన్నారు. ఆ అబ్బాగారు గమనించాల్సింది ఇదే. పాలిచ్చే గేదెకు వైద్యుణ్ణి పిలవడం వ్యాపారం కూడా కావచ్చు. ఏమీ ఇవ్వని తాబేలుకు పిలిచినప్పుడే అది హక్కు చెల్లించడమని తేటగా తెలుస్తుంది.

మూగజీవుల్లోనూ ఇది మరీ మూగది. అబూ దావూద్ గ్రంథంలో ఒక ఒంటె ఉదంతం ఉంది. దైవప్రవక్త (స) ఒక అన్సారీ తోటలోకి వెళ్ళినప్పుడు అక్కడి ఒంటె ఆయన్ని చూసి మూలిగి కన్నీరు కార్చింది. ఆయన దాన్ని నిమిరి, యజమానిని పిలిపించి, ఆకలితో మాడ్చి అదేపనిగా పని చేయిస్తున్నందుకు మందలించారు. ఒంటె మూలగగలిగింది. తాబేలు అరవదు, కుంటదు, తల లోపలికి లాక్కుంటుంది, అంతే. అందుకే దానికి నొప్పి లేదనుకుంటాం. చిప్ప అంటే అది మోసుకు తిరిగే పెట్టె అన్నది మన భ్రమ. వెన్నెముక, పక్కటెముకలు కలిసిపోయి ఏర్పడిన ఎముక అది. అందులో రక్తనాళాలు, నరాలు ఉన్నాయి. ఊపిరితిత్తులు దాని కిందే ఉంటాయి. చిప్ప పగిలిందంటే ఎముక విరిగినట్టే. కొల్లేటి చెరువుల్లో ఎక్కువగా దొరికే తాబేలుకైతే చిప్ప మీద మెత్తని చర్మం ఉంటుంది. కాళ్ళు ముడుచుకుని కింది రెక్కలను తలుపుల్లా మూసుకునే రకం అది. ఆ గాయం మీద ఈగలు గుడ్లు పెడితే పురుగు పడుతుంది. ఇంట్లో జిగురుతో అతికిస్తే మురికి లోపలే ఉండిపోయి కుళ్ళుతుంది. వైద్యుడికి చూపించేలోగా లోతు నీళ్ళలో వేయకుండా, శుభ్రమైన తడి గుడ్డ పరచిన పెట్టెలో నీడపట్టున ఉంచాలి. ఇలాంటి గాయాలు మానుతాయి. కాకపోతే వారాల్లో కాదు, నెలలు పడుతుంది. ఎలాగూ చావబోయేదే కదా అని ముందే తీర్పు చెప్పే అధికారం మనకు లేదు.

నానీగారి సలహా దయతో చెప్పిందే. కానీ నెత్తురోడుతున్న జీవిని నీళ్ళలో వదలడం దానికి విముక్తి కాదు, మన కళ్ళ ముందు నుంచి తప్పించడం మాత్రమే. పైగా ఎవరింట్లోనైనా ఉన్నది చెవి పక్క ఎర్రచార ఉండే అమెరికా తాబేలు అయితే, గాయం లేకపోయినా దాన్ని మన కాలువల్లో వదలకూడదు. అది స్థానిక జీవుల తిండినీ చోటునూ ఆక్రమిస్తుంది.

ఇక కేసు భయం. కొల్లేరు 1999లో అభయారణ్యంగా ప్రకటించబడింది. 2002లో రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. మన చెరువు తాబేలుకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. దాన్ని పట్టుకోవడం, ఇంట్లో పెంచుకోవడం నేరం. నక్షత్ర తాబేలు విషయం ఇంకా కఠినం. 2019లో దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని కూడా నిషేధించారు. పాపం కాని విషయంలో దేశ చట్టాన్ని పాటించడం మనం చేసుకున్న ఒప్పందంలో భాగం. ఒప్పందాలను నెరవేర్చమని దివ్య ఖుర్ఆన్ ఆదేశం. ఇప్పుడు ఆ కుటుంబం ముందు రెండు దారులున్నాయి. పొరపాటు బయటపడకుండా ఉండేందుకు గాయాన్ని దాచడం ఒకటి. అప్పుడు మన తప్పుకు శిక్ష తాబేలు అనుభవిస్తుంది. నేరుగా పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళి, అటవీ శాఖ వారికి ఉన్నదున్నట్టు చెప్పడం రెండోది. కొల్లేరు అభయారణ్యాన్ని చూసే వన్యప్రాణి విభాగం కార్యాలయం ఏలూరులోనే ఉంది. ఒకటి రెండు ప్రశ్నలు పడవచ్చు, మందలింపు పడవచ్చు, కేసే కావచ్చు. మాట పడటానికి మనకు నోరుంది, సంజాయిషీ ఇచ్చుకోగలం. దానికి ఆ అవకాశం లేదు. నా ఉద్దేశంలో రెండో దారే ధర్మం. ఆలస్యం చేసే ప్రతి రోజూ బాధ్యత బరువెక్కుతుంది.

అమ్మాయి దుఃఖం సంగతి. ఇది అతి అని కసరకండి. హజ్రత్ అనస్ (రజి) చిన్న తమ్ముడు అబూ ఉమైర్‌కు నుఘైర్ అనే చిన్న పిట్ట ఉండేది. అది చనిపోయి పిల్లవాడు దిగులుగా ఉంటే, దైవప్రవక్త (స) అతన్ని ముద్దుపేరుతో పిలిచి పిట్ట ఏమైందని పలకరించారు. రాజ్య భారం మోస్తున్న మనిషికి ఒక పిల్లవాడి పిట్ట గురించి అడిగే తీరిక ఉంది! ఇబ్నుల్ ఖాస్ అనే షాఫయీ పండితుడు ఈ ఒక్క హదీసు నుంచి అరవై దాకా అంశాలు రాబట్టి ఒక చిన్న గ్రంథమే రాశారు. హింసించకుండా పిట్టను పెంచుకోవచ్చన్నది వాటిలో ఒకటి. కాబట్టి పెంపకమే పాపమని పిల్లను భయపెట్టవద్దు. అడవి జీవిని బంధించడం వేరు, ఇంట్లో పుట్టి పెరిగే పిల్లినో కోడినో సాకడం వేరు అని నెమ్మదిగా చెప్పండి.

అయితే దిగులులో రెండు రకాలున్నాయి. ఒకటి మనిషిని లేపి పనిచేయిస్తుంది. రెండోది మంచానికి కట్టేస్తుంది. ఒంటెను కట్టి ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమన్న ఉపదేశం ఇక్కడికీ వర్తిస్తుంది. ఆసుపత్రికి పెట్టెను తనే పట్టుకుని వెళ్ళనివ్వండి. వైద్యుడు చెప్పింది తనే కాగితం మీద రాసుకోనివ్వండి. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలని మాత్రం గట్టిగా చెప్పండి. తాబేళ్ళ ఒంటి మీద సాల్మొనెల్లా అనే క్రిమి ఉంటుంది. పిల్లలకు దానివల్ల జబ్బులు వస్తున్నాయనే అమెరికాలో 1975లో చిన్న తాబేళ్ళ అమ్మకాన్ని నిషేధించారు. అంతేగానీ తాబేలు ఉన్న ఇంట్లో నమాజు కాదనుకోవడం నిరాధారం.

కానుక తెచ్చిన మామూ మీద విరుచుకుపడవలసిన పని కూడా లేదు. ఈసారి పట్టుబడిలో తాబేలు కనిపిస్తే గట్టు దాటించి పక్క కాలువలో వదిలేయమని చెబితే చాలు. చెరువు దగ్గర పనిచేసే పదిమందికి ఆయన ఆ మాట చెప్పగలరు కూడా.

ఉత్తరం చివర ఆ సోదరి మరో ప్రశ్న వేశారు. వైద్యానికయ్యే ఖర్చును ఈ ఏటి జకాత్‌లో లెక్క కట్టవచ్చా అని. కుదరదు. జకాత్ ఎవరికి చెందాలో తౌబా సూరాలో ఎనిమిది వర్గాలు నిర్ణయమై ఉన్నాయి. మన జంతువు వైద్యం వాటిలో లేదు. ఆ ఖర్చు యజమాని సొంత సొమ్ము నుంచే పెట్టాలి. దప్పికగొన్న కుక్కకు నీళ్ళు తాపి క్షమాపణ పొందిన వ్యక్తి ఉదంతం చెబుతూ, ప్రాణమున్న ప్రతి జీవి విషయంలోనూ పుణ్యం ఉందన్నారు మహాప్రవక్త (స). ఆ పుణ్యం జకాత్‌తో సంబంధం లేకుండా, ఇన్షా అల్లాహ్, వేరుగా రాయబడుతుంది.