బూడిద ఎందుకు ఆగింది?

ఇంగ్లీషులో ప్రజెంటేషన్ ఇవ్వబోయే పిల్లలకు మనం ఎప్పుడూ రెండు మాటలు చెబుతుంటాం. విషయం తెలిస్తే భాష అదే వస్తుందని ఒకటి. ఇంగ్లీషులోనే ఆలోచించమని ఇంకొకటి. మొదటిది నిజం కాదు. విషయం క్షుణ్ణంగా తెలిసి కూడా నోరు పెగలక చేతికందిన ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లు ఏ ఇంజనీరింగ్ కాలేజీలో లేరు? ఇక రెండోది ఆజ్ఞే గానీ దారి చూపదు. ఇంట్లో, బస్సులో, హాస్టల్లో అంతా తెలుగే నడిచే పిల్లవాడు డయాస్ ఎక్కగానే ఆలోచన ఎలా మార్చుకుంటాడు?

ఆ రెండింటినీ పక్కన పెట్టినా నన్ను వదలని సందేహం ఒకటుంది. ఇంగ్లీషు బాగా నేర్పితే పిల్లల ఆలోచన తేటపడుతుందా? లేక తెలియని చోటు బయటపడకుండా దాటిపోవడం అలవడుతుందా?

ఒకరోజు మా కాలేజీలో సివిల్ బ్రాంచి కుర్రాడొకడి ఫైనలియర్ ప్రాజెక్టు రివ్యూ జరుగుతోంది. సిమెంటు కొంత తగ్గించి, ఆ మేరకు థర్మల్ స్టేషన్ బూడిద, అదే ఫ్లై యాష్, కలిపి కాంక్రీటు చేశాడు. 'గుడ్ మార్నింగ్ టు వన్ అండ్ ఆల్ ప్రెజెంట్ హియర్' అని మొదలుపెట్టి, బట్టీ పట్టిన పాఠాన్ని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పాడు. 'పొజొలానిక్ రియాక్షన్' అన్న మాట దగ్గర కూడా ఎక్కడా తడబడలేదు. ఫలితాల స్లైడు వచ్చింది. 150 మిల్లీమీటర్ల క్యూబులు పోసి, నీళ్లతొట్టిలో క్యూరింగ్ చేసి, 7వ రోజున, 28వ రోజున విరగ్గొట్టి చూశారు. బూడిద కలిపినవి 7వ రోజున మామూలు క్యూబుల కంటే బాగా వెనకబడ్డాయి. 28వ రోజుకు దాదాపు వాటిని అందుకున్నాయి.

'ముందు ఎందుకు వెనకబడ్డాయి?' అని ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అడిగారు. 'డ్యూ టు పొజొలానిక్ రియాక్షన్ సర్' అన్నాడు. ఆయన నిదానంగా, 'ఆ మాట వద్దు బాబూ. అది లేకుండా చెప్పు. ఇంగ్లీషులోనే చెప్పు' అన్నారు.

కుర్రాడు తెర వైపు చూశాడు. అక్కడ సాయమేమీ దొరకలేదు. తర్వాత తన చేతుల్ని చూసుకున్నాడు. సిమెంటు పనికి వేళ్ల కొసల దగ్గర తోలు లేచి ఉంది. బొటనవేలితో అరచేతిని రుద్దుకుంటూ చాలాసేపు అలాగే నిలబడ్డాడు. అప్పుడు ఒక్కో ముక్కే బయటికొచ్చింది. 'సిమెంట్ ఫస్ట్ సర్. సిమెంట్ అండ్ వాటర్ గివ్ లైమ్. యాష్ వాంట్స్ దట్ లైమ్. సో యాష్ వెయిట్స్ సర్.'

పొజొలానిక్ రియాక్షన్ అంటే జరిగేదీ అదే. సిమెంటు నీళ్లతో కలిసి గట్టిపడుతూ సున్నాన్ని విడుదల చేస్తుంది. ఆ సున్నం చేతికి వచ్చేదాకా బూడిదకు పెద్దగా పని ఉండదు. అందుకే దాని బలం ఆలస్యంగా వస్తుంది. బట్టీ పట్టిన పదిహేను స్లైడుల్లో లేని అర్థం ఆ నాలుగు చిన్న వాక్యాల్లో వినిపించింది.

మాటల కొరతే వాడికి మేలు చేసిందని అప్పుడు అనిపించింది. తప్పించుకోవడానికి మాటలు లేవు గనక నేరుగా విషయం దగ్గరికే వెళ్లాడని. కానీ ఆ వాదన నిలవదు. ఇంగ్లీషు రాకపోవడంలో అందం ఉందని ఇంగ్లీషు వచ్చినవాళ్లమే అంటాం. ఇంటర్వ్యూ గది బయటే ఆగిపోయినవాళ్లు అనరు. పైగా అదే రోజు, చిన్నప్పటి నుంచీ ఇంగ్లీషు మీడియంలో చదివిన అమ్మాయి ధారాళంగా మాట్లాడింది, అడిగినదానికల్లా తిన్నగా జవాబిచ్చింది. ధారాళంగా మాట్లాడితే లోపల డొల్ల అని అనుకోవడానికి ఆధారమేముంది?

కాబట్టి కుర్రాడికి దారి చూపింది కొరత కాదు, నిషేధం. మన అష్టావధానంలో నిషిద్ధాక్షరి ఉంది కదా. పద్యం కడుతున్న అవధాని ఏ అక్షరం వైపు వెళతాడో పసిగట్టి పృచ్ఛకుడు దాన్నే కాదంటాడు. అవధానికి మాటలు కరువై కాదు ఆ పరీక్ష. అలవాటైన దారి మూసేస్తే కొత్త దారి తీయగలడా అని చూడడానికి. ఎక్స్‌టర్నల్ చేసిందీ అదే. ఇంగ్లీషు బాగా వచ్చిన అమ్మాయికీ ఆ నిషేధం పెట్టవచ్చు, పెట్టాలి కూడా.

అవధానం ఇంకో సంగతీ చెబుతుంది. చివర ధారణ ఉంటుంది. పూరించిన పద్యాలన్నీ అవధాని జ్ఞాపకం నుంచే అప్పజెబుతాడు. అంటే జ్ఞాపకంలో దోషం లేదు. ఆయన గుర్తుపెట్టుకునేది తాను కట్టిన పద్యం. మన పిల్లలు గుర్తుపెట్టుకునేది ఇంకెవరో రాసిన పేరా.

ఇప్పుడు నేను పిల్లలకు చెప్పేది ఇది. మీ అంశంలోని పెద్ద మాటలన్నీ ఒక కాగితం మీద రాసి కొట్టేయండి. అవి లేకుండా ముందు వేరే బ్రాంచి స్నేహితుడికి తెలుగులో చెప్పండి, తర్వాత ఇంగ్లీషులో చెప్పండి. తెలుగులో సాగి ఇంగ్లీషులో ఆగితే లోటు మాటది, నేర్చుకుంటే తీరుతుంది. రెండింటిలోనూ ఒకే చోట ఆగితే లోటు అర్థానిది. మళ్లీ ల్యాబుకు వెళ్లాలి. ఆ తర్వాతే పెద్ద మాటల్ని వెనక్కి తెచ్చుకోండి, అవీ కావాలి. మొదటి రెండు వాక్యాలు మాత్రం బట్టీ పట్టండి. కాళ్లు వణికేది అప్పుడే.

ఇంత చెప్పినా ఒకటి మిగిలిపోతుంది. మా మార్కుల షీటులో ఐ కాంటాక్టుకు గడి ఉంది, బాడీ లాంగ్వేజికి ఉంది, ఫ్లూయెన్సీకి ఉంది. అరచెయ్యి రుద్దుకుంటూ ఆ కుర్రాడు ఆగిన సమయం ఫ్లూయెన్సీ గడిలో మార్కుల కోతగా పడుతుంది. మరిచిపోయి ఆగినవాడికీ, ఆలోచిస్తూ ఆగినవాడికీ అక్కడ తేడా లేదు. ఆ తేడా కనిపెట్టడం మాట్లాడేవాడి పని కాదు, ఎదురుగా కూర్చుని మార్కులు వేసే మా పని. పిల్లలకు ప్రజెంటేషన్ నేర్పే ముందు మేం నేర్చుకోవాల్సిన పాఠం అదే.