మాఫీ ఎవరికి, ఏ నేరానికి?

'మాఫీ' అన్న మాటలోనే ఒక తీర్పు ఉంది. తప్పు చేసినవాళ్లనే కదా క్షమిస్తారు! మరి చదువుకోవడం ఏ తప్పు?

తాండూరు కందిచేలకు ఈ మాట కొత్త కాదు. పంట రుణాలను 2008లో కేంద్రం మాఫీ చేసింది. 2014లోనూ, 2024లోనూ రాష్ట్రం చేసింది. 2024లో కుటుంబానికి రెండు లక్షల దాకా. చేలో కలుపు తీసేది ఆడవాళ్లయినా పట్టా ఎక్కువగా మగవాళ్ల పేరు మీదే ఉంటుందన్నది వేరే బాధ. పంట పోవడం రైతు నేరం కాదని సమాజం ఒప్పుకుంది. అది న్యాయమే. అదే చేలోంచి చదువుకు వెళ్లిన అమ్మాయికి ఉద్యోగం దొరక్కపోతే, అది ఆమె నేరం కాదని ఎందుకు ఒప్పుకోదు?

విద్యారుణాలకు దేశమంతటా వర్తించే మాఫీ లేదు. ఏడాదికి నాలుగున్నర లక్షల లోపు ఆదాయమున్న కుటుంబాల పిల్లలకు, వృత్తి విద్యా కోర్సుల్లో చదువు సాగినంత కాలం, ఆపైన ఒక ఏడాది వడ్డీ భరించే పథకాన్ని కేంద్రం 2009లో తెచ్చింది. అసలు మాత్రం కట్టాల్సిందే. కేరళ ప్రభుత్వం 2017లో, కట్టలేకపోయిన విద్యార్థుల బాకీ తీర్చడానికి సాయం చేసే పథకం తెచ్చింది. అంటే ఇది జరగని పనేం కాదు.

బ్యాంకు కాగితంలో అమ్మాయి పక్కన తండ్రి సంతకం ఉంటుంది. పెళ్లయినామెకైతే భర్తో, అత్తమామలో ఆ చోట ఉండొచ్చు. చదువుకోసం చేసిన అప్పు సంబంధం కుదిరేటప్పుడు లోటవుతుంది. కట్నం కోసం చేసిన అప్పు మాత్రం తండ్రి బాధ్యత అనిపించుకుంటుంది!

అసలు అప్పే చేయని అమ్మాయిల మాటేమిటి? ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం 2025 నవంబరులో తెలంగాణలో ప్రైవేటు కాలేజీలు బంద్ పాటించాయి. ప్రభుత్వం ఫీజు ఇవ్వలేదని కాలేజీ సర్టిఫికెట్లు ఆపితే, బాకీ పడింది ప్రభుత్వం, తాకట్టులో ఉన్నది నాపరాళ్ల గనిలో కూలి చేసే తల్లి కూతురు. ఇక్కడ ఎవరు ఎవరిని క్షమించాలి?

'తిప్పలు పడి కట్టేసిన వాళ్ల సంగతేమిటి?' అని అడుగుతారు. ఆ ప్రశ్నను తేలిగ్గా తీసెయ్యలేం. వాళ్ల కష్టం నిజం. కానీ 'నేను మోశాను, నువ్వూ మోయి' అన్నది తరతరాలుగా ఆడవాళ్ల చేతే ఆడవాళ్లకు చెప్పించిన నీతి. దాన్ని న్యాయమని మనం ఎలా అంటాం?

అందుకే నాకు మాఫీ అన్న మాట వద్దు. చదువుకున్న అమ్మాయి టీచరై, నర్సై ఊరికి చేసే మేలు ఎంతో, ఊరు ఆమెకు పడిన బాకీ ఎంతో ఏ బ్యాంకూ లెక్క రాయదు. ఆ లెక్క అడగడం దయ కోరడం కాదు.