సారథి మాట, సంతకం లేని పక్షం

ఒప్పందం దానిపై సంతకం చేసినవారిని మాత్రమే బంధిస్తుందని న్యాయశాస్త్రం చెబుతుంది. అయితే సంతకం చేసిన పక్షాలు రెండే అయి, ఆ ఒప్పందాన్ని నమ్ముకుని తమ ఆశను, కాలాన్ని, కొన్నేళ్ల అభిమానాన్ని దానిమీద నిలుపుకున్నవారు లక్షల్లో ఉన్నప్పుడు, ఆ లక్షలమందికి ఎవరైనా ఏదైనా బాకీ ఉన్నారా అనే ప్రశ్నకు న్యాయస్థానంలో సమాధానం దొరకదు; అది ధర్మవిచారణకు, అంటే చేయదగినదేదో చేయరానిదేదో తర్కించి తేల్చే ఆలోచనకు, మిగిలిపోతుంది. ఫార్ములా వన్ మోటారు పందేల అభిమానులు ఒక పందెపు వారాంతం కోసం ఎదురుచూస్తూ, వచ్చే ఏడాది ఏ డ్రైవరు ఏ జట్టు కారు నడుపుతాడన్న చర్చలో మునిగి ఉన్నప్పుడు, తాము తర్కిస్తున్నది ఈ ప్రశ్ననేనని సాధారణంగా గుర్తించరు. కాని జట్టు మారిన డ్రైవరును ద్రోహి అనీ, ఉండిపోయినవాణ్ణి విశ్వాసపాత్రుడనీ అనడంలో వారు వాడుతున్నది వ్యాపార పరిభాష కాదు, నీతి పరిభాష. ఆ తీర్పులు ఎంతవరకు న్యాయమైనవో పరిశీలించవలసి ఉంది.

ఈ క్రీడలో వారాంతానికి ఒక నిర్దిష్టమైన రూపం ఉంది. సాధారణంగా శుక్రవారం కార్లను ఆ ట్రాకుకు అనువుగా సర్దుకునే ప్రాక్టీసు, శనివారం ఎవరు ఏ స్థానం నుంచి బయలుదేరాలో నిర్ణయించే క్వాలిఫయింగ్, ఆదివారం పందెం జరుగుతాయి. దానికి ముందు రోజుల్లో అభిమానుల మాటలు రెండు దారులు పడతాయి: ఆదివారం ఎవరు గెలుస్తారన్నది ఒకటి, వచ్చే ఏడాది ఎవరి సీటు ఎవరిదన్నది మరొకటి. రెండూ ఇంకా పుట్టని విషయాలే. న్యాయవైశేషికులు లేకపోవడాన్ని కూడా ఒక పదార్థంగా లెక్కించి, వస్తువు పుట్టకముందు ఉండే లేమికి ప్రాగభావమని పేరు పెట్టారు. దానికి ఆది లేదు, వస్తువు పుట్టిన క్షణాన అది అంతమవుతుంది. అయినా ఈ రెండు ఎదురుచూపుల మధ్య పెద్ద తేడా ఉంది. ఆదివారపు ఫలితం గురించి ఎవరూ ఎవరికీ మాట ఇవ్వలేదు కనుక, కోరుకున్న డ్రైవరు ఓడితే దుఃఖం ఉంటుంది గాని దోషి ఉండడు. ఒప్పందం అలాంటిది కాదు. మాట ఇవ్వడమంటే రేపటి విషయంలో ఇవాళే ఒక నిశ్చయాన్ని పుట్టించడం కనుక, ఆ నిశ్చయం తప్పినప్పుడు ఎవరు తప్పించారని అడగడం సబబే. అభిమాని చేసే పొరపాటు తరచుగా ఈ రెండు ఆశలనూ ఒకటిగా కలిపివేయడంలో ఉంది.

ఇటలీలోని మొంజా వారాంతం ఇందుకు మంచి ఉదాహరణ. 1922లో నిర్మించిన ఈ ట్రాకు మీద 5.793 కిలోమీటర్ల చుట్టును 53 సార్లు తిరగాలి. టిఫోసీ అని పిలిచే ఫెరారీ అభిమానులకు అది పుణ్యక్షేత్రంతో సమానం. ఆగస్టు విరామం ముగిసిన కొద్ది రోజులకే ఇక్కడి పందెం వస్తుంది కనుక ఒప్పందాల వార్తలు కూడా ఎక్కువగా ఆ రోజుల్లోనే పోగవుతాయి. 2023లో మొంజా పందేనికి ముందు గురువారం, ఆగస్టు 31న, లూయిస్ హామిల్టన్ 2025 చివరిదాకా మెర్సిడెస్‌లోనే ఉంటాడని ఆ జట్టు ప్రకటించింది. అయిదు నెలలు నిండగానే, 2024 ఫిబ్రవరి 1న, 2025 నుంచి అతను ఫెరారీ డ్రైవరన్న ప్రకటన వెలువడింది. 2024లోనే మొంజాలో శుక్రవారం ప్రాక్టీసులో కారును గోడకు కొట్టిన పద్దెనిమిదేళ్ల కిమీ ఆంటొనెల్లిని మెర్సిడెస్ మర్నాడే హామిల్టన్ స్థానంలోకి తీసుకుంటున్నట్టు తెలియజేసింది, ఆదివారం ఫెరారీ తరఫున షార్ల్ లెక్లేర్ గెలిచాడు. మొంజాకు ఇంతకంటే పాత జ్ఞాపకం కూడా ఉంది. 1991లో జోర్డన్ జట్టు కారులో బెల్జియంలో తొలి పందెం చేసిన మైకేల్ షుమాకర్, రెండు వారాలకే మొంజాలో బెనెటన్ కారులో కనిపించాడు. అతనికోసం సీటు కోల్పోయిన రొబెర్తో మొరేనో జోర్డన్ కారెక్కవలసి వచ్చింది.

ఇలాంటి వివాదాలను తీర్చడానికి ఆ తరువాత ఒప్పందాల గుర్తింపు మండలి అనే సంస్థ ఏర్పడింది. ఒకే డ్రైవరును రెండు జట్లు తమవాడంటే, వాటిలో ఏ పత్రం చెల్లుతుందో ఈ మండలి చెబుతుంది. 2022 ఆగస్టు 2న ఆల్పీన్ జట్టు ఆస్కార్ పియాస్ట్రిని తమ మరుసటి ఏటి డ్రైవరుగా ప్రకటించగా, కొన్ని గంటల్లోనే అతను ఆ మాట నిజం కాదన్నాడు. చెల్లుబాటయ్యేది జూలై 4 తేదీన మెక్‌లారెన్‌తో కుదిరిన ఒప్పందమేనని సెప్టెంబరు 2న మండలి తీర్పు చెప్పింది. కొందరు అభిమానుల కోపం మొదట పియాస్ట్రి మీదికే వెళ్లిందన్నది ఇక్కడ గమనించదగినది. లేని ఒప్పందాన్ని ఉన్నట్టు లోకానికి చాటినది జట్టయినా, కృతఘ్నుడన్న పేరు ఇరవై ఒక్కేళ్ల యువకుడికి వచ్చింది.

భారతీయ ధర్మశాస్త్రానికి ఈ రకమైన వివాదం కొత్తది కాదు. వ్యవహారపదాలని పిలిచే పద్దెనిమిది రకాల వ్యాజ్యాలను వివరించిన నారదస్మృతి, సేవ చేస్తానని ఒప్పుకుని చేయకపోవడాన్ని అభ్యుపేత్యాశుశ్రూష పేరుతోనూ, పనిచేసినవాడికి ఇవ్వవలసిన వేతనం ఇవ్వకపోవడాన్ని వేరొక పదంగానూ చర్చించింది. మాట తప్పడం సేవకుడికే కాక యజమానికీ అంటే దోషమని ఆ విభజన గుర్తిస్తుంది. యాజ్ఞవల్క్యస్మృతి మీద విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను పదమూడో శతాబ్దంలోనే కేతన విజ్ఞానేశ్వరీయంగా తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు కనుక, ఈ చర్చ తెలుగువారికి పరాయిదేమీ కాదు. కాని ఆ గ్రంథాల్లో వాది, ప్రతివాది, సాక్షి ఉన్నారే గాని, దూరం నుంచి ఆశపెట్టుకుని చూసేవాడికి స్థానం లేదు.

ఆ స్థానాన్ని కొంతవరకు ఆధునిక నీతిశాస్త్రం కల్పించింది. అమెరికన్ తత్త్వవేత్త టి.ఎం. స్కాన్లన్ 1998లో వెలువరించిన గ్రంథంలో, మాటకు కట్టుబడవలసిన బాధ్యత ఎదుటివ్యక్తిలో తెలిసి తెలిసి పుట్టించిన నమ్మకం నుంచే వస్తుందని వాదించాడు. ఆ భరోసా కావాలని ఎదుటివాడు కోరుకుంటున్నాడని తెలిసి, దాన్ని ఇచ్చి, తగిన కారణం లేకుండా వెనక్కి తీసుకుంటే అన్యాయం జరిగినట్టే. ఈ కొలత ప్రకారం అభిమాని వాదన పూర్తిగా నిలవదు, పూర్తిగా కూలిపోనూ కూలిపోదు. డ్రైవరు జీవితాంతం ఒకే రంగు దుస్తులు వేసుకుంటాడన్న ఆశను అభిమాని తనంతట తానే పెంచుకున్నాడు; దానికి డ్రైవరు జవాబుదారీ కాడు. కాని ఒప్పందపు సంవత్సరాన్ని పెద్ద అక్షరాల్లో చాటి, ఆ పేరుతో టోపీలు, చొక్కాలు, టికెట్లు అమ్మే జట్టు, ఆ నమ్మకాన్ని తెలిసే పుట్టిస్తున్నది. హైదరాబాద్ ప్రేక్షకులకు ఇది అనుభవంలోకి వచ్చిన విషయమే. హుస్సేన్ సాగర్ తీరాన 2023 ఫిబ్రవరి 11న విద్యుత్ కార్ల ఫార్ములా-ఈ పందెం జరిగి, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. 2024 ఫిబ్రవరి 10కి నిర్ణయించిన రెండో పందెం జనవరిలోనే రద్దయింది. నగరానికి, నిర్వాహకులకు మధ్య ఉన్న ఒప్పందంలో ఎవరి తప్పెంతన్నది వేరే చర్చ; ఎదురుచూసిన ప్రేక్షకుడు ఆ కాగితంలో ఎక్కడా లేడన్నది మాత్రం అందరికీ తెలిసింది.

శాశ్వతంగా ఉంటానని మాట ఇవ్వగల శక్తి ఈ క్రీడలో ఎవరికీ లేదన్నది కూడా మరువరాదు. 1970 సెప్టెంబరు 5న మొంజా క్వాలిఫయింగ్‌లో యోకెన్ రింట్ మరణించాడు. అప్పటికి అతను కూడబెట్టిన పాయింట్లను మిగతా పందేల్లో ఎవరూ దాటలేకపోవడంతో ఆ ఏటి ప్రపంచ విజేత బిరుదు మరణించినవాడికే దక్కింది. అందువల్ల అభిమానికి చెందవలసిన బాకీ ఏదైనా ఉంటే, అది కలకాలం ఉండిపోవడం కాజాలదు. అది మరేదో తెలియాలంటే మహాభారతంలోని సారథుల దగ్గరికి వెళ్లాలి.

మద్రరాజు శల్యుడు నకుల సహదేవులకు మేనమామ. పాండవ పక్షాన నిలవడానికి సేనతో బయలుదేరిన అతనికి దారి పొడవునా దుర్యోధనుడు రహస్యంగా విడిదులు కట్టించి ఉపచారాలు చేయించాడు. ధర్మరాజే ఇవన్నీ చేయించాడనుకుని సంతోషించిన శల్యుడు, ఇంత ఏర్పాటు చేసినవారికి బహుమానం ఇస్తాననగా, దుర్యోధనుడు ఎదుటికి వచ్చి తన పక్షాన నిలవమని కోరాడు. శల్యుడు ఒప్పుకున్నాడు. ఇంతవరకు అతనిలో పెద్ద దోషం లేదు. మోసం జరిగినది అతనికే, అయినా అతను మాటకు నిలబడ్డాడు. ఆ తరువాత అతను ధర్మరాజు దగ్గరికి వెళ్లి, కర్ణుడికి సారథ్యం చేయవలసి వస్తే అతని తేజస్సును మాటలతో దిగజారుస్తానని రెండో మాట ఇచ్చాడు. పదిహేడో నాటి యుద్ధంలో కర్ణుడి రథం ఎక్కేముందు, తనకు తోచినట్టు మాట్లాడే స్వేచ్ఛ ఉండాలని నియమం పెట్టి ఒప్పించుకున్నాడు కూడా. నియమం బహిరంగమే, దాని వెనుక ఉన్న మాట గుప్తం. ఈ ఒక్క కారణంగానే శల్యసారథ్యమన్నది తెలుగులో లోపల ఉండి చెడగొట్టేవాడి పనికి పేరై నిలిచింది. పక్షం మారినందుకు శల్యుణ్ణి నిందించేవారు తక్కువ, రథం మీద కూర్చుని మనసు మరో చోట ఉంచినందుకు నిందించేవారే ఎక్కువ.

అదే యుద్ధంలో కృష్ణుడి సారథ్యం వేరొక పద్ధతిలో కుదిరింది. తాను ఆయుధం పట్టననే నియమాన్ని అర్జునుడు, దుర్యోధనుడు ఇద్దరి ముందూ, ఎంపికకు ముందే, ఆయన చెప్పాడు. తరువాత భీష్ముడి మీదికి చక్రంతో దూకినప్పుడు అర్జునుడే వెంటపడి ఆ మాటను గుర్తుచేసి ఆపగలిగాడు. అందరి ఎదుట చెప్పిన నియమాన్ని మరొకరు గుర్తుచేయగలరు; దాచిన నియమాన్ని గుర్తుచేయడానికి ఎవరికీ వీలు లేదు. ఈ రెండు సారథ్యాలను పక్కపక్కన ఉంచి చూస్తే విశ్వాసానికి కొలత ఎన్నేళ్లు ఉన్నాడన్నది కాదని, ఉన్నన్నాళ్లు మనసెక్కడ ఉందన్నదీ, షరతులు వెలుగులో ఉన్నాయా చీకటిలో ఉన్నాయా అన్నదీ అని తేలుతుంది.

ఈ కొలతతో చూసినప్పుడు 2024 సీజన్‌లో అత్యంత గౌరవించదగిన డ్రైవరు కార్లోస్ సైన్జ్ అనే చెప్పాలి. హామిల్టన్ రాక వల్ల తన సీటు పోయిందని సీజన్ మొదలు కాకముందే అతనికి తెలుసు. మార్చిలో అపెండిసైటిస్ శస్త్రచికిత్సతో సౌదీ అరేబియా పందేనికి దూరమై, రెండు వారాలకే మెల్‌బోర్న్‌లో గెలిచాడు; అక్టోబరులో మెక్సికోలోనూ గెలిచాడు. డిసెంబరు 8న అబుదాబిలో, ఫెరారీ తరఫున తన చివరి పందెంలో, రెండో స్థానంలో నిలిచాడు. జట్ల పట్టికలో ఫెరారీ మెక్‌లారెన్ కంటే 14 పాయింట్లు మాత్రమే వెనుకబడింది. తనను వద్దనుకున్న జట్టు కోసం చివరి చుట్టు దాకా పోరాడినవాడు శల్యుడికి పూర్తిగా ఎదురు మనిషి. అదే ఏడు హామిల్టన్ కూడా, వెళ్లిపోతున్నానని చెప్పిన తరువాతే, సిల్వర్‌స్టోన్‌లోనూ బెల్జియంలోనూ మెర్సిడెస్‌కు విజయాలు తెచ్చాడు. అతన్ని ద్రోహి అన్నవారు ఈ రెండు విజయాలనూ తూకంలో వేయలేదు.

జట్ల సంగతి వేరు. 2024 జూన్‌లో రెడ్ బుల్ జట్టు సెర్గియో పెరెజ్ ఒప్పందాన్ని రెండేళ్లు పొడిగించి, డిసెంబరులో అతనితో తెగతెంపులు చేసుకుంది; అతని స్థానంలో వచ్చిన లియామ్ లాసన్‌ను 2025లో రెండు పందేలకే తప్పించి యుకి త్సునోడాను కూర్చోబెట్టింది. ఫలితాలు బాగాలేవన్న కారణం నిజమే కావచ్చు, చట్టప్రకారం అది చెల్లనూ వచ్చు. అయినా డ్రైవరు వెళ్లిపోతే ద్రోహమనీ, జట్టు పంపించివేస్తే వ్యాపారమనీ అనడంలో న్యాయం లేదు. నారదస్మృతి ఇద్దరి దోషాన్నీ వేరువేరు పదాలుగా లెక్కించిందే గాని, ఒకరిది లెక్కించి మరొకరిది విడిచిపెట్టలేదు.

అభిమాని వైపు నుంచి కూడా ఒక చిక్కు ఉంది. గీతలోని కర్మఫల బోధ పనిచేసేవాడిని ఉద్దేశించినది. చూసేవాడికి కర్మ లేదు, ఫలం మీద కోరిక మాత్రమే ఉంది. యుద్ధభూమికి వెళ్లకుండా తనవారు ఏంచేశారని సంజయుణ్ణి అడిగిన ధృతరాష్ట్రుడి పరిస్థితి అది. తనవారన్న మమకారం వల్ల వార్త సగమే వినిపిస్తుంది. పియాస్ట్రి విషయంలో జరిగినది అదే. అభిమానం వదులుకోనక్కరలేదు, అది లేకపోతే వారాంతమే లేదు. తీర్పు చెప్పేటప్పుడు మాత్రం ఎవరు ఏ మాట ఇచ్చారో, ఎవరికి ఇచ్చారో ముందు విచారించాలి.

అయితే విచారించడానికి వివరం ఉండాలి కదా. 2023 ఆగస్టులో హామిల్టన్ ఒప్పందం 2025 దాకా అన్నారు గాని, 2024 చివరనే వెళ్లిపోయే వీలు అతనికి అందులో ఉందన్నది ఫెరారీ ప్రకటన వెలువడిన తరువాతే అభిమానులకు తెలిసింది. అతను ఒప్పందాన్ని ఉల్లంఘించలేదు. ప్రకటనే సగం నిజం చెప్పింది. అందువల్ల ఒప్పందం ఏ సంవత్సరం వరకో చాటే జట్లు, దాన్ని మధ్యలో వదులుకునే హక్కు ఎవరికి ఉందో, అది ఎప్పటి నుంచి వర్తిస్తుందో అదే ప్రకటనలో చెప్పాలి. జీతం ఎంతన్నది రహస్యంగా ఉంచుకున్నా అభిమానికి నష్టం లేదు.