మోదుగు పూసింది, చూశారా?





ఈసారి పంచశీలాల మీద రాయమని మిత్రులు అడిగారు. రాస్తాను. దానికంటే ముందు ఒక ప్రశ్న. ఈ వారంలో మీరు మోదుగు పూలు చూశారా? బస్సు కిటికీలోంచి కాదు, ఆగి నిలబడి చూశారా?

మాఘం పోయి ఫాల్గుణం వస్తున్న రోజులివి. చలి పొద్దున పూటకే మిగిలింది. మా బస్తీ వెనక గుట్ట మీద మోదుగు చెట్లకు ఒక్క ఆకు లేదు, కొమ్మ కొమ్మకూ నిప్పంటుకున్నట్టు పూలు. గోరింకలు, తేనెపిట్టలు తెల్లారేసరికి అక్కడే. బూరుగు చెట్టు లావు లావు ఎర్ర పూలను దారి మీద పడేస్తోంది. వేపాకు పసుపు తిరిగి రాలుతోంది. కంసాలి పిట్ట ఎక్కడ కూర్చుందో కనబడదు గానీ, రేకు మీద చిన్న సుత్తితో కొట్టినట్టు టుక్కు టుక్కుమని ఒకటే చప్పుడు. కోయిల గొంతు ఇంకా పూర్తిగా విప్పలేదు. చీకటితోనే రెండుసార్లు కూసి ఊరుకుంటోంది.

"ఇదంతా కవుల పని, మనకెందుకన్నా?" అని ఒక తమ్ముడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. మన ఇళ్లలో వసంతం కవిత్వం కాదు. వసంతమంటే పరాయివాళ్ల మామిడితోటకు కాపలా పోవడం, మన పిల్లగాడు రాలిన కాయ ఏరుకుంటే కూడా తిట్లు తినడం. మా అమ్మ మోదుగాకులు తెచ్చి ఈనెపుల్లలతో విస్తర్లు కుట్టేది. ఊళ్లో పెళ్లిళ్లకు వంద, రెండు వందలు కుట్టి ఇచ్చేది. ఆమె కుట్టిన విస్తట్లో అందరూ తినేవాళ్లు. ఆమె మాత్రం పందిరి బయట గిన్నె పట్టుకుని నిలబడేది. అందుకే వసంతాన్ని ఎవరైనా పొగుడుతుంటే మనకు ఒళ్లు మండుతుంది. మండటం తప్పు కాదు. ఆ కోపంలో చెట్టును కూడా వాళ్లకే వదిలేసి రావడం మాత్రం తప్పని నా అభిప్రాయం.

బుద్ధుడి జీవితం చూడండి. పుట్టింది లుంబినీ వనంలో. బోధి పొందింది రావి చెట్టు కింద. చివరి శ్వాస సాల వృక్షాల మధ్య. బింబిసారుడు దానమిచ్చిన వేణువనం వెదురు తోట. అందులో ఒక చోటికి కలందక నివాపం అని పేరు, అంటే ఉడుతలకు మేత వేసే చోటు. జీవకుడు ఇచ్చింది మామిడితోట, అంబపాలి ఇచ్చిందీ మామిడితోటే. ఆరామం అన్న మాటకు అసలు అర్థమే తోట. ఆ తోటల్లోకి ఎవరు రావాలి, ఎవరు రాకూడదు అని కులం పేరుతో కాపలా లేదు. వాడిన పూలు ఎత్తిపోసి, ఊడ్చుకుని బతికే సునీతుడు సంఘంలో చేరింది అలాగే. బాబాసాహెబ్ తన 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో సునీతుడి కథకు చోటిచ్చారు.

మోదుగునే పాళీలో కింశుకం అంటారు. సంయుత్త నికాయంలో దీని మీద ఒక ఉపమానం ఉంది. మోదుగును ఎన్నడూ చూడని మనిషి ఒకడు, చూసినవాళ్లను అడుగుతూ పోయాడు. కాలిన మొద్దులా నల్లగా ఉంటుందన్నాడు ఒకడు. మాంసం ముద్దలా ఎర్రగా ఉంటుందన్నాడు ఇంకొకడు. బెరడు వేలాడుతూ, కాయలు పగిలి, దిరిసెన చెట్టులా ఉంటుందన్నాడు మూడోవాడు. నాలుగోవాడు మర్రిలా గుబురుగా, నీడగా ఉంటుందన్నాడు. నలుగురూ అబద్ధం చెప్పలేదు. ఎవడు ఏ కాలంలో పోయాడో వాడికి ఆ చెట్టు కనబడింది, అంతే.

ఇక నా సంగతి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది.

మా విహారం ముందు రావి చెట్టు ఉంది. ఒక ఏప్రిల్ 14న మా పెద్దవాళ్లు నాటిన మొక్క. పిల్లల ట్యూషన్‌కు రేకుల షెడ్డు వేద్దామని కమిటీ అనుకుంది. కొలతలు తీస్తే చెట్టు అడ్డం వచ్చింది. సరిగ్గా అప్పుడే, కిందటేడు ఇదే కాలంలో, ఉన్న ఆకులన్నీ పది పన్నెండు రోజుల్లో రాల్చేసింది. "ఎండిపోయింది, కొట్టేద్దాం" అన్నారు కుర్రాళ్లు. తీర్మానం రాశారు. మొదటి సంతకం నాది. బుద్ధుడి మీద ఇరవై ఏండ్లుగా ఉపన్యాసాలిస్తున్న నేను, ఆ చెట్టు దగ్గరికి నడిచిపోయి ఒక్కసారి చూడలేదు. షెడ్డు కావాలి కాబట్టి చెట్టు చచ్చిపోయిందని నమ్మాను.

మా చిన్నమ్మ ఒప్పుకోలేదు. ఆమె మున్సిపాలిటీలో ముప్పై ఏండ్లు రోడ్లు ఊడ్చి రిటైరైన మనిషి. బడి మొహం చూడలేదు. "బీయే చదివినవు గదా బిడ్డా, చచ్చిన చెట్టుకూ బట్ట మార్చుకునే చెట్టుకూ తేడా తెల్వదా?" అంది. నా చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, సన్న కొమ్మ మీద గోటితో గీకింది. పైబెరడు కింద తడి తడిగా పచ్చ. "చూడు, నీ కండ్లతోనే చూడు. పది రోజులు ఆగున్రి" అంది.

ఏ చెట్టు ఎప్పుడు రాలుస్తుందో ఆమెకు చీపురు చెప్పింది. రావి, వేప, కానుగ ఒకదాని వెనక ఒకటి రాలుస్తుంటే నడుం విరిగేది ఆమెకే. వసంతం మీద పద్యాలు రాసినవాళ్లలో ఎంతమంది ఆ ఆకులు ఊడ్చారు?

తొమ్మిదో రోజో పదో రోజో చిగురు వచ్చింది. పచ్చగా కాదు, రాగిరంగులో, లేత గులాబీలో, పసిపిల్లల పెదవి లాగా. ఎండలో అవతలి వెలుగు కనబడేంత పలుచన. తీర్మానం చింపేశాం. షెడ్డు నాలుగడుగులు కుదించాం. ఆ మూల వానకు కురుస్తుంది, టార్పాలిన్ కట్టాం. కొందరికి ఇంకా కోపంగానే ఉంది, పిల్లలకు చోటు చాలట్లేదు అంటారు. వాళ్ల మాటలోనూ నిజముంది.

ఆ కింశుక సూత్రంలోనే బుద్ధుడు తర్వాత ఒక కోట గురించి చెబుతాడు. కోటకు ఆరు గుమ్మాలు. గుమ్మం దగ్గర తెలివైన కావలివాడు, తెలిసినవాడిని రానిస్తాడు, తెలియనివాడిని ఆపుతాడు. ఆరు గుమ్మాలు మన కన్ను, చెవి, ముక్కు, నాలుక, ఒళ్లు, మనసు. కావలివాడు సతి, అంటే ఎరుక. నా గుమ్మం దగ్గర ఆ రోజు కావలివాడు నిద్రపోయాడు. నా అవసరమే నిజం వేషం కట్టుకుని లోపలికి వచ్చేసింది.

అనిత్యం అంటే మనవాళ్లు చావు ఇంట్లో చెప్పే మాట అనుకుంటారు. రావి చెట్టు కింద కూర్చుంటే ఇంకో అర్థం తెలుస్తుంది. నీళ్లు తగ్గే ఎండాకాలం ముందు ఆకు బరువు దించుకోవడం, తర్వాత కొత్తది తొడగడం, అన్నీ కారణాలు కూడితే జరిగేవే. కారణాలతో ఏర్పడింది కారణాలు మారితే మారుతుంది. కులం కూడా అంతే. అది ఏ దేవుడి తలలోంచో, పాదంలోంచో రాలేదు గనకనే పోతుందని 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మంది నమ్మి నిలబడ్డారు. ఆ రోజు చేసిన 22 ప్రతిజ్ఞల్లో ప్రాణులన్నింటి మీద దయ చూపి కాపాడతాననేది ఒకటి. ఆ ప్రతిజ్ఞ మనం పైపైనే చదువుతున్నాం.

ఉగాది గురించి అడుగుతారు. పంచాంగం, రాశిఫలాలు మనకు అక్కర్లేదు. వేపపువ్వు మాత్రం ఏ పురోహితుడి సొత్తూ కాదు. ఏరుకుని ఎండబెట్టి చారులో వేసుకోండి.

ఒక పని చేయండి. పొద్దున వందన అయ్యాక ఐదు నిమిషాలు ఒకే చెట్టు దగ్గర నిలబడండి. ఫోన్ ఇంట్లో పెట్టండి. నిన్న లేనిది ఈ రోజు ఏముంది? అంతే చూడండి. పిల్లల చేత నోటుబుక్కులో తేదీ వేయించి రాయించండి, మొదటి కోయిల కూత ఏ రోజు విన్నారు, కాకి పుల్లలు మోయడం ఏ రోజు మొదలుపెట్టింది అని. కాకి గూట్లో కోయిల గుడ్డు పెడుతుందని పుస్తకంలో చదివిన పిల్లవాడు, ఆ రెండూ తరుముకోవడం మీ వేపచెట్టు మీద చూస్తే ఇక మరిచిపోడు. ఏహిపస్సికో, వచ్చి చూడు అన్నది ధమ్మం. వచ్చి నమ్ము అనలేదు.

చిన్నమ్మకు ఇప్పుడు కండ్లు సరిగా కనబడవు. రెండు కండ్లకూ పొర వచ్చింది, ఒకదానికి ఆపరేషన్ చేయించాలి. ఈ పొద్దున అరుగు మీద కూర్చుని, "రావికి చిగురొచ్చిందా?" అని అడిగింది. చెప్పులు వేసుకుంటూ, "వచ్చినట్టుంది చిన్నమ్మా" అన్నాను.

"వచ్చినట్టుండుడేంది? పోయి చూసి రా."

పోయి చూశాను. తూర్పు కొమ్మకు మూడు.

జై భీమ్.