అడుగు

"మొగోడి తట్టలో కంకరుంటే, నా తట్టలో దూదుందేటి బాబూ?"

మా మామ్మ మేస్త్రీని అడిగిన మాట ఇది. 1983లో. నాకప్పుడు అయిదేళ్ళు. విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నారు, పని దొరుకుతుంది అని శ్రీకాకుళం జిల్లా నుంచి పల్లెలకి పల్లెలు కదిలొస్తున్న రోజులు. మందస పక్క నుంచి మేమూ మూటలు కట్టుకుని వచ్చాం. గాజువాకలో ఎటు చూసినా పునాదులు, ఇసుక కుప్పలు, సగం లేచిన గోడలు. ఆ ఇళ్ళ పనుల్లో మా మామ్మ తట్ట మోసేది. మగవాళ్ళకి రోజుకి 12 రూపాయలు, ఆడవాళ్ళకి 8.

ఆ మాటకి మేస్త్రీ నవ్వి ఊరుకున్నాడట. మామ్మ ఊరుకోలేదు. స్లాబు వేసే రోజు దాకా ఆగింది. ఆ రోజు పొద్దున్న పదకొండు మంది ఆడవాళ్ళు తట్టలు బోర్లించి ఇసుక కుప్ప మీద కూర్చున్నారు. స్లాబు పని ఒకసారి మొదలెడితే మధ్యలో ఆపకూడదు, ఆపితే అక్కడ అతుకు పడి రేపు నీళ్ళు దిగుతాయి. తట్టలు అందించే చేతులు లేకపోతే అసలు మొదలే పెట్టలేరు. ఆ సంగతి మేస్త్రీకి తెలుసు, మామ్మకీ తెలుసు. మిట్టమధ్యాహ్నానికి ఆడకూలి 9 రూపాయలైంది. 12 కాలేదు.

చేసే పని ఒకటే అయినప్పుడు ఆడామగా తేడా లేకుండా ఒకే కూలి ఇవ్వాలని చట్టం వచ్చి అప్పటికే ఏడేళ్ళు, 1976లో. మామ్మకి ఆ చట్టం సంగతి తెలీదు. తట్ట బరువు తెలుసు. ఆ బరువే ఆమెకి చట్టం.

ఆమె ఎక్కడ నేర్చుకుందో ఆ అడగడం, చాలాకాలం నాకు అంతుపట్టలేదు. మందస జమీందారీలో 1940లో వీరగున్నమ్మ పోలీసు తుపాకులకి ఎదురు నిలబడి చనిపోయిన కథ ఆ పక్క ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే. అడవిలో కట్టెలు కొట్టుకోవడం దగ్గర మొదలైన గొడవ అది. పట్టుకున్న రైతుల్ని వదలమని అడ్డుపడింది, అప్పుడామె కడుపుతో ఉంది. మామ్మ ఆ కథ చెప్పేటప్పుడు గొంతు పెంచేది కాదు. "అడిగిందే, అంతే" అనేది. చచ్చిపోవడం కన్నా అడగడమే ఆమెకి పెద్ద సంగతిగా కనిపించేదేమో.

తెలుగులో ఈ మాట మీద నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. ముందుకు వేసేదీ అడుగే, నోరు తెరిచి అనేదీ అడుగే. ఎంత మంచి జంట అది! కానీ అదే మాటకి "కొను" తగిలించి చూడండి. వండడానికి తగిలిస్తే వండుకోవడం, తన కోసం వండడం. రాయడానికి తగిలిస్తే రాసుకోవడం. కట్టడానికి తగిలిస్తే కట్టుకోవడం. అన్నీ గౌరవమైన పనులే. అడగడానికి తగిలిస్తే మాత్రం అడుక్కోవడం అవుతుంది. తన కోసం అడగడం అన్న మాటని మన భాష ముష్టి చేసి పారేసింది. ఈ సంగతి తట్టిన రోజు నాకు మా అమ్మ ముఖం గుర్తొచ్చింది.

అమ్మ సంగతికి వచ్చే ముందు ఈ ఊరి మాట ఒకటి చెప్పాలి. ఎందుకంటే మా గాజువాక ఇలా పెరిగిందే అడగడంలోంచి. 1966లో ఆంధ్రదేశమంతా ఉక్కు ఫ్యాక్టరీ కోసం గొంతెత్తింది. ఉద్యమనేత అమృతరావుగారు నిరాహారదీక్షకు కూర్చున్నారు. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగాయి, ఉద్యమం మొత్తం మీద 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటన చేశారు, మరుసటి జనవరిలో శంకుస్థాపన చేశారు. అడిగినవాళ్ళకి ఊరు దక్కింది. కానీ ఆ దక్కడం వెనక భూములు పోగొట్టుకున్న అరవై నాలుగు పల్లెలు ఉన్నాయి. పొయ్యి రాళ్ళు పీకి మూటలో కట్టుకుని వడ్లపూడి, అగనంపూడి, పెదగంట్యాడ కాలనీలకి నడిచిన ఆడవాళ్ళు ఉన్నారు. మళ్ళీ 2021 జనవరిలో ఫ్యాక్టరీని అమ్మేస్తామని కేంద్రం నిర్ణయం తీసుకున్నప్పుడు, కూర్మన్నపాలెం నిరసన శిబిరంలో ఆ ఇళ్ళ కోడళ్ళు, మనవరాళ్ళు వచ్చి కూర్చున్నారు. నేనూ కొన్ని మధ్యాహ్నాలు వెళ్ళాను. పక్కన కూర్చున్న ఒకావిడ చాపకింద ఇసుకని వేలితో సర్దుతూ, "మా అత్త భూమి ఇచ్చినప్పుడు ఎవలూ అడగలేదమ్మా, ఇత్తావా అని. ఇప్పుడైనా అడుగుతారేమోనని వచ్చాను" అంది. ఆ వాక్యం ముందు ఆ పూట విన్న ఉపన్యాసాలన్నీ నాకు చిన్నవైపోయాయి.

ఇప్పుడు అమ్మ.

మా అమ్మ జాకెట్లు కుట్టేది. పెళ్ళిళ్ళ రోజుల్లో రాత్రి ఒంటిగంట దాకా మిషను చప్పుడు. ఆ చప్పుడు ఆగితే మాకు మెలకువ వచ్చేది. తర్వాత డ్వాక్రా సంఘానికి లీడరైంది. బ్యాంకులో మేనేజరు ముందు నిలబడి పదిమంది తరఫున గట్టిగా మాట్లాడేది. ఎవరి వాయిదా ఎందుకు ఆలస్యమైందో, ఎవరి మొగుడు మంచాన పడ్డాడో, ఎవరికి ఒక నెల గడువు ఇవ్వాలో, అన్నీ నోటి లెక్కే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి పోయాక రోజుల తరబడి కరెంటు లేదు, కుళాయిల్లో నీళ్ళు లేవు. వీధిలోకి ట్యాంకరు వచ్చినప్పుడు తోపులాట చూసి అమ్మ పైపు దగ్గర నిలబడింది. ముందు బాలింత ఉన్న ఇల్లు, తర్వాత ముసలాళ్ళున్న ఇళ్ళు, తర్వాత మిగిలినవాళ్ళు. ఎవరూ ఎదురు చెప్పలేదు. మా బిందె ఆఖరున నిండింది. సగమే నిండింది.

ఊళ్ళో అందరూ ఆమెని ఓర్పుకి మారుపేరు అనేవారు. మేమూ అనేవాళ్ళం. ఆ మాట అనడం ఎంత సుఖంగా ఉండేదో!

మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి వెళ్ళేవాళ్ళం. గర్భగుడి కప్పు లేని అమ్మవారు ఆవిడ, ఎండా వానా ఆవిడ మీదే. ఎవరైనా వెళ్ళి తమ చేత్తో పసుపు కుంకాలు వేసి దండం పెట్టుకోవచ్చు. ఒకసారి తిరిగొచ్చేటప్పుడు బస్సులో అమ్మని అడిగాను, ఏం కోరుకున్నావని. తమ్ముడి ఉద్యోగం, నాన్న మోకాళ్ళు, నా కాన్పు అని చెప్పింది. "మరి నీకు?" అన్నాను. కాసేపు కిటికీ బయటకి చూసి, "మర్చిపోయాను" అంది. అమ్మవారి ముందు నిలబడి కూడా.

ఆ తర్వాత రెండేళ్ళకి ఒక రాత్రి అమ్మ వంటింటి గుమ్మం దగ్గర కూలబడిపోయింది. పిత్తాశయంలో రాళ్ళు, చీము పట్టేదాకా వచ్చింది. ఎన్నాళ్ళనుంచి నొప్పి అని డాక్టరు అడిగితే, రెండేళ్ళ పైనే అంది. గ్యాసు నొప్పి అనుకుని వాము నమిలి పడుకుందట. "ఇన్నాళ్ళు ఎలా ఓర్చుకున్నారమ్మా?" అన్నారాయన. ఆ ప్రశ్నలో మందలింపు ఉంది. అమ్మకి అది మెప్పులా వినిపించింది. ఆ నీరసంలోనూ చిన్నగా నవ్వింది. ఆ నవ్వుని నేను మర్చిపోలేను. అరవై ఏళ్ళ మనిషికి ఓర్చుకోవడం తప్ప ఇంకో బిరుదు ఇవ్వని ఇల్లు మాది అని ఆ ఆసుపత్రి వరండాలో నాకు అర్థమైంది.

అడగనిదే అమ్మైనా అన్నం పెట్టదంటారు. మా అమ్మ మేం అడక్కముందే పెట్టింది. మరి అమ్మకి ఆకలేసిందా అని అడిగినవాళ్ళెవరు? సామెత చెప్పినవాళ్ళకీ ఆ ఆలోచన రాలేదు, తిన్న మాకూ రాలేదు.

అప్పటినుంచి ఎవరైనా ఒక ఆడమనిషిని ఉక్కు మహిళ అంటే నా ప్రాణం ఒప్పదు. ఉక్కు సంగతి మాకు కొంచెం తెలుసు. మా ప్లాంటులో మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి. వాటి పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. రెండు నదులు, ఒక అన్నం పెట్టే తల్లి. పైనుంచి ఖనిజం, కోక్, సున్నపురాయి వేస్తూ ఉండాలి, కింద నుంచి వేడిగాలి ఊదుతూ ఉండాలి. రాత్రీ పగలూ ఆగదు. అయినా ఆ కొలిమి లోపలి ఇటుక ఏళ్ళ తరబడి వేడికి అరుగుతుంది. దాన్ని కనిపెట్టుకుని ఉంటారు. ఎక్కడ వేడి ఎక్కువైందో చూసే మీటర్లు ఉంటాయి. అరిగిందని తెలిశాక కొలిమిని ఆపి, చల్లార్చి, లోపల మళ్ళీ కొత్త ఇటుక పేరుస్తారు. దానికి నెలలు పడుతుంది, కోట్లు ఖర్చవుతాయి. అది బలహీనమైపోయిందని ఎవరూ అనరు. ఇనుముకి చేసే ఆ మర్యాద ఇంట్లో అన్నపూర్ణకి మనం ఎన్నడు చేశాం?

అందుకే ఇళ్ళల్లో ఆడవాళ్ళ నుంచి బలం తీసుకుంటాం అన్న మాటని ఇప్పుడు నేను జాగ్రత్తగా వింటున్నాను. నూతిలోంచి తోడుకున్నట్టు తోడుకోవడమే అయితే మేం చేసింది అదే. మామ్మ నుంచి, అమ్మ నుంచి నేను తీసుకోవలసింది వేరే ఉంది. ఒకామె అడిగింది, ఒకామె తన కోసం అడగలేకపోయింది. రెండోది మొదటిదానికన్నా పెద్ద పాఠం.

ఆ పాఠం నాకు ఎక్కడ పనికొచ్చిందో చెప్తాను. ఆటోనగర్‌లో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో నేను లెక్కలు రాస్తాను. బిల్లులు, చలాన్లు, జీఎస్టీ, వెల్డర్ల హాజరు. చేరిన కొత్తలో ఆ షెడ్డులో నేనొక్కదాన్నే ఆడమనిషిని. ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదు. పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా నీళ్ళు తాగకుండా ఉండటం అలవాటు చేసుకున్నాను. ఏడాది గడిచింది. వేసవిలో రెండుసార్లు మూత్రంలో మంట, జ్వరం. మందులు మింగి మళ్ళీ వెళ్ళాను. ఎవరితోనూ అనలేదు. అచ్చం అమ్మలాగే. అమ్మ ఆసుపత్రి నుంచి వచ్చిన వారంలో షెడ్డులో మంచినీళ్ళ సీసా మూత తీసి, మళ్ళీ పెట్టేస్తున్న నా చెయ్యి చూసుకున్నాను. లేచి ఓనరు గదిలోకి వెళ్ళాను. గొంతు వణికింది. కాని అడిగాను. ఆయన చెడ్డవాడు కాదు, ఆయనకి తట్టలేదు అంతే. నెల పట్టింది, కట్టించారు. ఇప్పుడు ఆ షెడ్డులో నలుగురు ఆడవాళ్ళం.

తర్వాత ఎప్పుడో చదివాను. కోళికోడ్‌లో బట్టల దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళు మొదట అడిగింది మరుగుదొడ్డే. తర్వాత అడిగింది కూర్చునే హక్కు. బేరం లేని వేళలో కూడా కూర్చోనివ్వని దుకాణాలవి. పి. విజి అనే దర్జీ పనిచేసే ఆవిడ వాళ్ళని కూడగట్టింది. ఏళ్ళు పట్టింది. 2018లో కేరళ చట్టం మార్చింది, 2021లో తమిళనాడు కూడా. కూర్చోవడానికి ఒక స్టూలు. అంత చిన్న వస్తువు కోసం ఒక చట్టం కావాల్సి వచ్చిందంటే, అన్నేళ్ళు ఎంతమంది నిలబడి ఓర్చుకున్నారో!

మా అమ్మాయికి ఇవన్నీ పాతకథలు. దానికి జ్యోతి యర్రాజి కావాలి. మన వైజాగ్ అమ్మాయి, సెక్యూరిటీ గార్డు కూతురు, వంద మీటర్ల హర్డిల్స్. 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్ ఫైనల్లో పక్క లైనులో చైనా అమ్మాయి తుపాకీ పేలకముందే కదిలితే, అధికారులు జ్యోతిని కూడా బయటకి పొమ్మన్నారు. ఆమె వెళ్ళలేదు. నిలబడి, నా తప్పేంటో చూపించమని అడిగింది. రీప్లే చూశారు, ఇద్దర్నీ పరుగెత్తనిచ్చారు. మూడో స్థానంలో వచ్చింది. ఆ తర్వాత చైనా అమ్మాయిని తప్పించి జ్యోతికి వెండి పతకం ఇచ్చారు. మా అమ్మాయి ఆ వీడియోలో పరుగు కన్నా ముందు భాగమే పదేపదే చూస్తుంది. "చూడమ్మా, ఎంత మంది మధ్యలో అడుగుతోందో!" అంటుంది. నాకు అక్కడ ఇసుక కుప్ప కనిపిస్తుంది, బోర్లించిన తట్టలు కనిపిస్తాయి.

అమ్మ ఇప్పుడు బాగానే ఉంది. మిషను ఎప్పుడైనా తీస్తుంది. అడగడం మాత్రం ఆమెకి ఇంకా కొత్త చెప్పుల్లాగే ఉంది, కరుస్తుంది. మొదట మజ్జిగ అడిగింది. తర్వాత ఫ్యాను కింద మంచం అడిగింది. అడిగి, వెంటనే "వీలయితేనే లే" అంటుంది.

పోయిన నెల ఒకరోజు, పండగ కాదు పబ్బం కాదు, అప్పికొండ వెళ్దామా అంది. నలభై ఏళ్ళుగా సముద్రానికి ఇంత దగ్గర్లో ఉంటూ శివరాత్రి జనంలో తప్ప అమ్మ ఆ ఒడ్డుకి వెళ్ళింది లేదు. అప్పుడు కూడా పిల్లల చేతులు పట్టుకుని, చెప్పులు లెక్కపెట్టుకుని, పులిహోర డబ్బాలు మోసుకుని.

ఆదివారం ఆటోలో వెళ్ళాం. సోమేశ్వరుడికి దండం పెట్టుకుని ఇసుకలోకి దిగాం. చేతిలో ఏ సంచీ లేకపోయేసరికి అమ్మకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాసేపటికి చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని కెరటం దాకా నడిచింది, తడిసింది, వెనక్కి వచ్చి కూర్చుంది. పొద్దు వాలుతోంది. ఆటో అబ్బాయి హారన్ కొట్టాడు. నేను లేచి చీరకి అంటిన ఇసుక దులుపుకుంటున్నాను.

"ఇంకాసేపుందామే" అంది అమ్మ.

వీలయితేనే అనలేదు. నేను మళ్ళీ కూర్చున్నాను.