అడగని లోపం చెప్పాలా?

2021 ఆగస్టులో ఒక శుక్రవారం, శృంగవరపుకోటలో జుమా నమాజు ముగిసి అందరూ వెళ్లిపోయాక ఒక యువకుడు మసీదు వరండాలో ఆగిపోయాడు. ఇంజినీరింగ్ చదివాడు. కోవిడ్ కాలంలో ఉద్యోగం దొరక్క ఇంటి పట్టునే ఉన్నాడు. "హజ్రత్, ఒక మస్‌అలా అడగాలి. వాడిన కంప్యూటర్ సామాను అమ్మేటప్పుడు దాని సంగతంతా చెప్పాలా? కొనేవారు అడగకపోయినా చెప్పాలా?" అన్నాడు.

"వాడినదని చెప్పావా?" అని అడిగాను.

"చెప్పాను. బిల్లు కూడా ఇచ్చేశాను. రెండు నెలల కిందటి బిల్లు."

"ఇంకేం తమ్ముడూ, ఫర్వాలేదు" అన్నాను. మధ్యాహ్నం భోజనం వేళ. నేనూ తొందరలో ఉన్నాను. పూర్తిగా వినకుండా జవాబు చెప్పడం ముఫ్తీకే కాదు, మామూలు ఇమాముకూ తగదని మా ఉస్తాదులు ఎన్నిసార్లు హెచ్చరించారో! ఆ తొందరపాటు జవాబును సరిదిద్దుకోవడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆ కుర్రాడి మనసు నా జవాబుతో కుదుటపడలేదు. రెండు రోజుల తర్వాత లాప్‌టాప్ చంకన పెట్టుకుని మళ్లీ వచ్చాడు. మదర్సాలో నేను నేర్చిన కంప్యూటర్ ఇన్‌పేజ్‌లో ఉర్దూ టైపు చేయడం వరకే. కాబట్టి మొదటి నుంచీ చెప్పమన్నాను. అతను ఓపిగ్గా చెప్పాడు. ఆ వివరం తెలియనిదే మస్‌అలా అర్థం కాదు గనుక పాఠకులు కూడా కాస్త ఓపిక పట్టాలి.

అతనూ మరో ఇద్దరు స్నేహితులూ కలిసి ఆ వేసవిలో 'చియా' అనే డిజిటల్ నాణెం కోసం ఒక కంప్యూటర్ సిద్ధం చేసుకున్నారు. బిట్‌టొరెంట్‌ను తయారుచేసిన బ్రామ్ కోహెన్ 2017లో స్థాపించిన సంస్థ నాణెం అది. దాని నెట్‌వర్క్ 2021 మార్చి 19న మొదలైంది. బిట్‌కాయిన్ మైనింగ్‌లో యంత్రాలు రాత్రింబవళ్లు లెక్కలు చేస్తాయి, కరెంటు విపరీతంగా తాగుతాయి. చియాలో పోటీ లెక్కల వేగంలో కాదు, డిస్కు స్థలంలో. 'ప్లాట్లు' అనే పెద్ద పెద్ద ఫైళ్లు తయారు చేసి హార్డు డిస్కుల్లో పేర్చుకుంటారు. నెట్‌వర్క్ వేసే ప్రశ్నకు మన ఫైళ్లలో సరైన జవాబు దొరికితే నాణేలు వస్తాయి. అప్పట్లో మామూలుగా ఒక్కో ప్లాటు దాదాపు 109 జీబీ ఉండేది. అందులో బొమ్మ ఉండదు, పుస్తకం ఉండదు, ఎవరికీ పనికొచ్చే సమాచారం ఉండదు. అంకెలే ఉంటాయి.

ఫైలు 109 జీబీయే అయినా, దాన్ని తయారు చేయడానికి అంకెలు రాసి, వరుసలో పెట్టి, చెరిపి, మళ్లీ రాయాలి. అప్పటి పద్ధతిలో ఒక్క ప్లాటుకు దాదాపు 257 జీబీ తాత్కాలిక చోటు, మొత్తం మీద సుమారు ఒకటిన్నర టీబీ రాత అవసరమయ్యేవి. హార్డు డిస్కు మీద ఈ పని నత్తనడక. అందుకే ఎస్ఎస్‌డీ వాడేవారు. కాని ఎస్ఎస్‌డీ కాగితం లాంటిది. పెన్సిలుతో రాసి, రబ్బరుతో చెరిపి, అక్కడే మళ్లీ మళ్లీ రాస్తూ పోతే కాగితం పలచబడినట్టు దాని లోపలి గదులూ అరుగుతాయి. చదివితే పెద్దగా అరగవు, రాస్తేనే అరుగుతాయి.

ఎంత రాత వరకు తమ హామీ ఉంటుందో కంపెనీలే ప్రకటిస్తాయి. దాన్ని టీబీడబ్ల్యూ అంటారు. శాంసంగ్ 970 ఈవో ప్లస్ ఒక టీబీ డిస్కుకు అది 600 టీబీ. క్రూషియల్ పీ1 ఒక టీబీ డిస్కుకు 200 టీబీ. రెండింటిలో పట్టే సరుకు ఒకటే, ఆయుష్షులో మూడింతల తేడా! ఒక్కో గదిలో ఎక్కువ అంకెలు కుక్కి చవగ్గా చేసిన డిస్కు త్వరగా అరుగుతుంది. ప్లాట్ల కోసం డిస్కు కొనేవాడు జీబీలు చూసి కొంటే మోసపోతాడు, అతను నిజంగా కొంటున్నది టీబీడబ్ల్యూనే. తెలిసినవాళ్లు డేటా సెంటర్లలో వాడి తీసేసిన గట్టి రకం డిస్కులను వెతుక్కునేది ఇందుకే.

మన కుర్రాళ్లు డబ్బు చాలక 500 జీబీ చవక రకం డిస్కులు రెండు కొన్నారు. ఒక్కోదానికి హామీ 100 టీబీ. ఒక్కో డిస్కు మీద రోజుకో ప్లాటు చొప్పున రెండు నెలలు నడిపారు. మధ్యలో కరెంటు పోతే సగం రాసిన ప్లాటు వృథా. మళ్లీ మొదటి నుంచి రాయాలి, డిస్కుకు మాత్రం ఆ అరుగుదల మిగిలిపోతుంది. కోట వర్షాకాలం కరెంటు సంగతి తెలిసినవారికి ఇంతకంటే చెప్పనక్కర్లేదు. మే నెలలో వెయ్యి డాలర్లు దాటిన చియా నాణెం ధర వాళ్ల ప్లాట్లు పూర్తయ్యేసరికి దిగజారింది. ఆ ఏడాది చివరికి నూరు డాలర్ల దరిదాపులకు, తర్వాత ఇంకా కిందికి వచ్చింది. పెట్టుబడిలో కొంతైనా రాబట్టుకుందామని ఎస్ఎస్‌డీలు అమ్మేశారు. ఒకటి మన ఊళ్లోనే ఒక ఫొటో స్టూడియో యజమాని కొన్నారు, పెళ్లిళ్ల ఫొటోలు, వీడియోలు దాచుకోవడానికట. రెండోది ఇంటర్నెట్ ప్రకటన చూసి ఎవరో దూరప్రాంతం వారు కొరియర్‌లో తెప్పించుకున్నారు.

అమ్మకానికి ముందే తీసి పెట్టుకున్న ఒక బొమ్మను కుర్రాడు లాప్‌టాప్‌లో నాకు చూపించాడు. ప్రతి ఎస్ఎస్‌డీ తన మీద జరిగిన రాతకు తానే లెక్క రాసుకుంటుందట. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎవరైనా ఆ లెక్క చూడవచ్చు. స్టూడియో వారికి అమ్మిన డిస్కు మీద 94 టీబీ రాశారు. మిగిలిన ఆరోగ్యం పది శాతం లోపే.

ఇప్పుడు ఆ బిల్లు సంగతి చూడండి. మామూలు వాడకంలో ఒక కంప్యూటర్ రోజుకు 20 జీబీ రాస్తుందనుకుంటే ఏడాదికి 7 టీబీ పైచిలుకు. అంటే 94 టీబీ రాయడానికి పన్నెండేళ్లు దాటుతుంది. బిల్లు లెక్కన అది రెండు నెలల డిస్కు. వాడకం లెక్కన పన్నెండేళ్ల ముసలిది. బిల్లులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఆ బిల్లే కొనేవాడి కళ్లకు గంతలు కట్టింది.

దైవప్రవక్త (స) కాలంలోనూ ఇలాంటి వ్యాపారం ఉండేది. అమ్మబోయే పశువును కొన్ని పూటలు పిండకుండా ఆపి, పొదుగు నిండుగా కనిపించేలా చేసేవారు. పొదుగులో ఉన్నవి నిజమైన పాలే. అమ్మేవాడు నోరు విప్పి ఒక్క అబద్ధమూ ఆడలేదు. అయినా ఆయన (స) దాన్ని నిషేధించారు. అలా కొన్నవాడు పశువును వాపసు ఇచ్చే పద్ధతి విషయంలో ఇమాం అబూ హనీఫా (రహ్మ)కూ ఇతర ఇమాములకూ అభిప్రాయభేదం ఉంది గాని, ఆ పని మోసమన్న విషయంలో లేదు.

"కాని హజ్రత్, పాతది అరిగే ఉంటుంది కదా! అరుగుదల లోపం ఎలా అవుతుంది?" అని కుర్రాడు వాదించాడు. మంచి ప్రశ్నే. పాతది పాతగా ఉండటం లోపం కాదు. హనఫీ ధర్మశాస్త్రంలో లోపానికి కొలబద్ద చాలా తేలికైనది: ఆ సరుకు తెలిసిన వర్తకుల దృష్టిలో ఏది ధరను తగ్గిస్తుందో అదే లోపం. "ఈ 94 టీబీ సంగతి తెలిసిన వర్తకుడు నువ్వడిగిన మూడున్నర వేలు ఇస్తాడా?" అన్నాను. అతను నవ్వి తల దించుకున్నాడు.

ఇక్కడ నాకు హజ్రత్ వాసిలా బిన్ అస్ఖఅ (రజి) గారి ఉదంతం గుర్తుకొచ్చింది. ముస్నద్ అహ్మద్‌లో ఉంది. అబూ సిబాఅ అనే ఆయన వాసిలా (రజి) ఇంటి దగ్గర ఒక ఆడ ఒంటెను కొని బయలుదేరారు. వాసిలా (రజి) వస్త్రం ఈడ్చుకుంటూ వెనకాలే వచ్చి ఆపారు. దీన్ని మాంసానికి కొన్నావా, ప్రయాణానికా అని అడిగారు. హజ్ ప్రయాణానికని ఆయన చెప్పారు. అయితే దీని పాదానికి రంధ్రం ఉందని వాసిలా (రజి) తెలియజేశారు. నా బేరం ఎందుకు చెడగొడతారని ఒంటె యజమాని నొచ్చుకున్నాడు. అమ్మేవాడు ఉన్న లోపాన్ని చెప్పకుండా అమ్మడం ధర్మసమ్మతం కాదని, ఆ లోపం తెలిసిన మూడో మనిషి కూడా ఊరుకోవడం ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (స) చెప్పగా తాను విన్నానని ఆయన బదులిచ్చారు.

మాంసానికా, ప్రయాణానికా? ఎంత తెలివైన ప్రశ్న! కోయడానికి కొన్న ఒంటెకు పాదంలో రంధ్రం ఉంటేనేం? హజ్‌కు వెళ్లే వాడికి అదే ప్రాణాంతకం. డిస్కు విషయంలోనూ అడగవలసింది ఇదే. గ్రాఫిక్స్ కార్డులతో నడిచే మైనింగ్ కంప్యూటర్‌లో ఎస్ఎస్‌డీకి దాదాపు పనే ఉండదు, సాఫ్ట్‌వేర్‌ను మోస్తే చాలు. 120 జీబీ పాత డిస్కైనా సరిపోతుంది. (ఆ కార్డులకు ఎక్కువ పని ఇచ్చిన ఎథీరియం 2022 సెప్టెంబరు 15న మైనింగ్‌నే వదిలేసింది, అది వేరే సంగతి.) ప్లాట్లు వేసేవాడికి ఆయుష్షు కావాలి. పెళ్లి ఫొటోలు దాచేవాడికి కావలసింది ఈ రెండూ కాదు, భద్రత. ప్రకటించిన రాత అంతా పూర్తయిన మామూలు ఎస్ఎస్‌డీని 30 డిగ్రీల వేడిలో కరెంటు లేకుండా పెడితే ఏడాది పాటు డేటా నిలవాలన్నది పరిశ్రమ పెట్టుకున్న ప్రమాణం. ఆపై పూచీ లేదు. స్టూడియో ఆయన డిస్కు నింపి బీరువాలో పెడతారు. రెండేళ్ల తర్వాత ఒక ఆడపిల్ల తన పెళ్లి వీడియో మరో కాపీ కావాలని వస్తుంది. తండ్రి ఈలోగా కోవిడ్‌లో చనిపోయి ఉంటే, ఆ వీడియోలోనే ఆయన నడిచేదీ మాట్లాడేదీ మిగిలి ఉంటే? మూడున్నర వేల బేరం ఎంత దూరం వెళ్లిందో చూడండి.

ఇక ఆ ఉదంతంలోని మూడో మనిషి ఎవరు? లాప్‌టాప్ చూసిన క్షణం నుంచి ఆ బాధ్యత నా మీద కూడా పడింది. ఈ మాట అతనితో అన్నాను. అతను చెప్పకపోతే స్టూడియోకు నేను వెళ్లవలసి ఉంటుందని కూడా అన్నాను. చెప్పడం కష్టమే అయింది, వాళ్ల నాన్నగారు నాకు పెద్దన్న లాంటివారు.

ఈ విషయం తెలిసిన ఒక పెద్దమనిషి, "స్టూడియో ఆయన మనవాడు కాడు గదా, ఇంత పట్టింపు ఎందుకు?" అన్నారు. ఇలాంటి మాట మసీదులో వినబడినందుకు బాధపడ్డాను. సహీహ్ ముస్లింలోని తడిసిన ధాన్యం రాశి ఉదంతం మనమంతా ఎన్నోసార్లు విన్నాం. ఆ ధాన్యాన్ని తడిపింది వర్తకుడు కాదు, వాన. తడిసిన భాగాన్ని జనానికి కనబడేలా పైన పెట్టలేదన్నదే అతని మీద వచ్చిన ఆక్షేపణ. జనానికి అంటే బజారుకు వచ్చే ప్రతి ఒక్కరికీ. బజారులో కొనేవాడి మతం అడిగి తూకం వేయరు.

"గ్యారంటీ లేదని ముందే చెప్పి అమ్మితే?" అన్నది కుర్రాడి చివరి ప్రశ్న. లోపాలకు పూచీ లేదన్న షరతుతో అమ్మకం హనఫీల దగ్గర చెల్లుతుంది. కాని మువత్తాలో ఒక ఉదంతం ఉంది. హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) ఆ కాలపు ఆచారం ప్రకారం ఒక బానిసను పూచీ లేదన్న షరతుతో 800 దిర్హములకు అమ్మారు. అతనికి చెప్పని జబ్బుందని కొన్నవాడు ఫిర్యాదు చేశాడు. అమ్మేనాటికి ఆ జబ్బు తనకు తెలియదని ప్రమాణం చేయమని ఖలీఫా హజ్రత్ ఉస్మాన్ (రజి) అడిగారు. ఇబ్నె ఉమర్ (రజి) ప్రమాణం చేయడానికి ఇష్టపడక వాపసు తీసుకున్నారు. తెలియని లోపానికి ఆ షరతు ఒక రక్షణ. తెలిసి దాచినవాడు దాని చాటున నిలబడితే న్యాయస్థానం ఏమన్నా అనకపోయినా అల్లాహ్ ముందు ప్రమాణం చేయగలడా?

అసలు ఈ నాణేల సంపాదన హలాలేనా అని పాఠకులు అడగవచ్చు. పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. ఈజిప్టు ముఫ్తీ 2018లో బిట్‌కాయిన్ వ్యాపారాన్ని నిషిద్ధమన్నారు. మలేషియా సెక్యూరిటీస్ కమిషన్ షరీఅత్ మండలి 2020లో నమోదైన ఎక్స్ఛేంజీల్లో వ్యాపారాన్ని అనుమతించింది. ఇండొనేషియా ఉలమా మండలి 2021లో వీటిని కరెన్సీగా వాడటం హరామ్ అంది. మన దేశంలో 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ లాభాల మీద 30 శాతం పన్ను పడింది. మైనింగ్ పరికరాల ఖర్చును అందులో మినహాయించుకోవడం కుదరదని ప్రభుత్వం లోక్‌సభలో చెప్పింది. నా మటుకు నాకు, ఎవరికీ పనికిరాని అంకెల కోసం మంచి డిస్కును రెండు నెలల్లో అరగదీయడం దుబారాకు చాలా దగ్గరగా కనిపిస్తుంది. కాని ఎవరి అభిప్రాయం ఏదైనా, అమ్మేటప్పుడు చెప్పవలసిన బాధ్యత మారదు.

మర్నాడు సాయంత్రం కుర్రాడు స్టూడియోకు వెళ్లాడు, నేను తోడు వెళ్లాను. అక్కడి కంప్యూటర్‌లోనే లెక్క తీసి చూపించాడు. యజమాని కాసేపు ఆ అంకెల వైపూ మా వైపూ చూసి, "బిల్లు చూసి కొత్తదే అనుకున్నాను సాయిబు గారూ" అన్నారు. అప్పటికే రెండు పెళ్లిళ్లు అందులోకి ఎక్కించారట. వాటిని వేరే డిస్కులోకి మార్చేదాకా కూర్చున్నాం. ఆ తర్వాత కుర్రాడు వాపసు తీసుకుంటానన్నాడు. ఆయన వద్దని, బిల్లులు కొట్టే పాత కంప్యూటర్‌లో పెట్టుకుంటానన్నారు. ధర రెండు వేలు తగ్గించుకున్నారు.

మిగిలింది రెండో డిస్కు. కొన్నవారి ఫోను నంబరు పాత ఫోనుతోపాటు పోయింది. వారు దొరికితే తేడా సొమ్ము వారికి చేరాలి. వెతికినా దొరకకపోతే వారి పేరున పేదలకు ఇవ్వాలని చెప్పాను. "ముందు బాగా వెతుకు. సదఖా తర్వాతి మాట" అన్నాను. ఆ రాత్రి ఇషా నమాజు తర్వాత అతను ఇంటికి వెళ్లకుండా, కొరియర్ రసీదు పుస్తకం చూపించమని అడగడానికి బస్టాండు వైపు నడిచాడు.