మరల వ్రాయుట: కాయకమా, ఆశయా?

వైద్యవిద్యకై జరుగు నీట్ పరీక్షలో సీటు దక్కని బిడ్డ మరల వ్రాయవలెనా, వలదా? ఈ చింత నేడు మన ఇండ్లలో తరచుగా కలుగుచున్నది.

12వ శతాబ్దమున కల్యాణములో, రాలిన బియ్యము నేరి దాసోహము సలుపుచుండిన ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అధికముగా తెచ్చెను. భార్య లక్కమ్మ అది ఆశయని మందలించి, మిగులును తిరిగి పోసి రమ్మనెను. ఆమె శ్రమను నిందింపలేదు. శ్రమ వెనుకనున్న మనస్సును ప్రశ్నించెను.

తల్లిదండ్రులు ఆ ప్రశ్ననే వేసికొనవలెను. రోగులకు సేవచేయవలెనని బిడ్డయే కోరినచో మరొక యేడాది చదువు కాయకమే; అయినను హద్దు ముందే నిర్ణయించుకొనవలెను. బంధువుల మెప్పుకై బలవంతపెట్టినచో అది ఆశయే.

720 మార్కులలో ఎన్ని వచ్చినను ఆ బిడ్డ మెడలోని ఇష్టలింగము చిన్నబోదు. కాయకములలో హెచ్చుతగ్గులు లేవనుట శరణుల మార్గము. కావున మొదట బిడ్డను అడుగుడు. వలదన్నను శాంతముగా వినుడు.